పసుపు కంపెనీకి అక్షింతలు

ఫిలిపా మోర్లీ నోరు తెరవకముందే హాలంతా గొల్లున నవ్వింది.

వెల్డన్‌బ్రిడ్జ్ చర్చి హాలులో ఆ శనివారం మధ్యాహ్నం కుర్చీలు చాలలేదు. సగం మంది గోడల వెంట నిలబడ్డారు. "నిలబడటం మనకు కొత్తా? రోజూ రైల్లో చేసేదేగా!" అని ఎవరో అరిచారు. ఆ నవ్వు అందుకు.

ఫిలిపా పసుపు కంపెనీ మేనేజరు. ఆ ఊరి నుంచి లండన్‌కు ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల రైళ్లన్నీ నడిపేది ఆ కంపెనీయే.

పట్టాలు ప్రభుత్వానివి. వాటి మీద రైళ్లు నడిపే కాంట్రాక్టు మాత్రం కొన్నేళ్లకొక కంపెనీ గెలుచుకుంటుంది. మొదట ఆకుపచ్చ కంపెనీ వచ్చింది. స్టేషన్లకు ఆకుపచ్చ రంగు పూసి, తెరుచుకోని కిటికీల పెట్టెలిచ్చి, దివాలా తీసి పోయింది. తర్వాత ఊదా కంపెనీ. రైళ్లు ఆలస్యమని జనం గోల పెడితే, టైంటేబులులో ప్రయాణ సమయమే పెంచేసి, 'ఇప్పుడు మేము సమయానికే వస్తున్నాం' అని బోర్డులు కట్టింది. దాన్ని సాగనంపాక పసుపు కంపెనీ దిగింది. దిగీ దిగగానే ప్రతి రైల్లోనూ పెట్టెలు తగ్గించింది. రంగు మాత్రం శ్రద్ధగా వేసింది.

ఈ మూడు కంపెనీలనూ చెడామడా కడిగేసిన మనిషి గాడ్‌ఫ్రీ పెల్లో. లండన్‌లో బీమా ఆఫీసు ఉద్యోగి, ప్రయాణికుల సంఘం అధ్యక్షుడు. ఇంట్లో ఒంటరివాడు. మీటింగులో మాత్రం ఊరంతా ఆయన వెనకే.

ఆయన లేచేసరికి హాలు నిశ్శబ్దమైంది.

"మిసెస్ మోర్లీ, ఈవిడ ఆలివ్. ఆస్పత్రిలో నర్సు." పక్కనున్న ఆమెను చూపించాడు. "మొన్న మంగళవారం మీ రైల్లో సొమ్మసిల్లింది. కానీ కింద పడలేదు. ఎందుకో తెలుసా? పడటానికి చోటు లేక."

"ఆ సంఘటనకు మేమెంతో చింతిస్తున్నామండి..."

"చింత మీ దగ్గర పెట్టెల కొద్దీ ఉంది మేడమ్. లేనివి రైలు పెట్టెలే."

చప్పట్లు మోగిపోయాయి. ఫిలిపా మంచినీళ్ల గ్లాసు అందుకుంది.

"ఒక్క సంగతి చెప్పండి. వేరే కంపెనీ వాడకుండా వదిలేసిన పెట్టెలు షెడ్డులో తుప్పు పడుతున్నాయట. అద్దెకు తీసుకుందామని మీరే అడిగారట. మీ ఛైర్మన్ క్రిస్పిన్ వేన్ దొరగారు కుదరదన్నారట. నిజమేనా?"

ఫిలిపా గ్లాసు కింద పెట్టేసింది. "అది... మీకెవరు చెప్పారు?"

"మనిషి మీద మనిషిని నిలబెట్టి తీసుకెళుతుంటే చెవిలో ఏవేవో పడతాయమ్మా. అవునా, కాదా?"

 ఆమె తల వంచుకుని, "అవును," అంది.

హాలు భగ్గుమంది. ముందు వరసలోని విలేఖరి చేయి కాగితం మీద ఆగలేదు.

"ఆయన కాదంటే మాకు చెప్పకుండా నోరు మూసుకున్నారన్నమాట! మీరు మేనేజరా, పసుపు రంగు పూసిన బొమ్మా?"

ఫిలిపా సంచీ తీసుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయింది.

మీటింగయ్యాక టీ తాగుతూ ఆలివ్ నొచ్చుకుంది. "మరీ అంత మాట అనాలా పెల్లో గారూ? పాపం, కళ్లలో నీళ్లు తిరిగాయి ఆ అమ్మాయికి."

"జాలిపడటానికి మనకేమన్నా చుట్టమా?" బిస్కెట్టు టీలో ముంచుకుంటూ అన్నాడు పెల్లో.

ఆ వారమే పత్రికలో మొదటి పేజీ నిండా అదే. తర్వాత టీవీ వాళ్లు ప్లాట్‌ఫారం మీదికి దిగారు. ఆ ప్రాంత సభ్యురాలు పార్లమెంటులో లేచి నిలదీసింది. కాంట్రాక్టు లాక్కోవడానికి వెనకాడబోమని మంత్రి అన్నాడు. అప్పటిదాకా వెల్డన్‌బ్రిడ్జ్ ఎటువైపుందో కూడా తెలియని క్రిస్పిన్ వేన్, మరుసటి నెల మీటింగుకు స్వయంగా వచ్చాడు. కారులో.

వచ్చీ రాగానే ఫిలిపా వైపు వేలు చూపించాడు. "ఇది పూర్తిగా మా మేనేజరు అసమర్థత. ఈవిడను తొలగించే ఆలోచనలో ఉన్నాం."

ఫిలిపా కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

"అసమర్థురాలే, నేనూ ఒప్పుకుంటాను," అన్నాడు పెల్లో. "కానీ పెట్టెలడిగింది ఆవిడ, కాదన్నది మీరు. అది అచ్చులో కూడా వచ్చింది. ఇప్పుడు ఆవిడను ఇంటికి పంపితే, నిజం చెప్పినందుకే పంపారని రేపు అదీ అచ్చవుతుంది. మాకు ఆవిడ తల వద్దు దొరగారూ. పెట్టెలు కావాలి."

క్రిస్పిన్ వేన్ టై వదులు చేసుకున్నాడు. విలేఖరుల వైపు చూశాడు. వేసవిలోగా ప్రతి రైలుకూ పెట్టెలు తగిలిస్తానని, మేనేజరు జోలికి వెళ్లనని అందరి ముందూ మాటిచ్చాడు.

జనం పెల్లోను చుట్టుముట్టి భుజాలు తట్టారు. ఆలివ్ ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు. పబ్బుకు రమ్మని ఎంత బతిమాలినా ఆయన వినలేదు. ఒక్కడే చర్చి వెనక సందులోకి నడిచాడు.

అక్కడ ఆగివున్న కారు తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

స్టీరింగు ముందున్న ఫిలిపా సందు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంది: "పెట్టెలు వచ్చేసినట్టే, ఇక వచ్చే మీటింగులో మరుగుదొడ్ల గురించి తిట్టు నాన్నా!"