బాయి కాడి పాత ఆయిల్

“గా పోలీసు జీపును ఇడవకుండ్రి. దాని ఎన్కనే పోనీయుండ్రి,” అన్నది సులోచన.

ఒళ్లో బిడ్డ తార జెరంతోని కాలిపోతున్నది. వీర్నపల్లి దాటినంక ఫిట్స్ గూడ వచ్చింది. సిరిసిల్ల దవఖాన దాక పాణం నిలుస్తదో లేదో.

కరుణాకర్ రావు అంబాసిడర్‌ను జీపుకు దగ్గరగా నడుపుతున్నడు. దొరల కొలువు చెయ్యొద్దని అన్నలు చెప్పిండ్రని డ్రైవర్ మొగిలయ్య మానేసిండు. అప్పుడు నేర్చిన నడుపుడే. ఇంజన్ ముచ్చట తెల్వదు.

మలుపు కాడి బాయి దిక్కెళ్లి ఒక మనిషి రోడ్డుకు అడ్డం వచ్చిండు. మోచేతుల దాక నల్ల మడ్డి.

“ఆపకుండ్రి,” అన్నది సులోచన.

ఆపక తప్పలే. జీపు మలుపు తిరిగి పోయింది.

“కింద ఆయిల్ కారుతున్నది సారూ. గిట్లనే పోతే ఇంజన్ పట్టేస్తది.”

బానెట్ లేపి, ఆయిల్ కొలిచే పుల్ల గుంజి, తుడిచి చూపెట్టిండు. మొనకు చుక్క లేదు.

“బాయి ఇంజన్ల కెళ్లి తీసిన పాత ఆయిల్ ఉన్నది. పోస్త.”

ఊరంతా దొరా అంటది. వీడు సారూ అన్నడు. అన్నల మనిషేనేమోనని సులోచన బిడ్డను దగ్గరికి గుంజుకున్నది.

డబ్బా తెచ్చి తువ్వాలల వడబోసిండు. మళ్ల వడబోసిండు.

“ఇంకెంత సేపయ్యా? జీపు గూడ పాయె.”

“మడ్డి పోతే ఇంజన్ కరాబైతదమ్మా. గీ తడిబట్ట బిడ్డ నెత్తి మీద ఎయ్యి.”

ఆమె ముట్టలే. “నీకు పిల్లలుంటే తెలుస్తుండె.”

“ఉన్నది,” అన్నడు, తల లేపకుండ.

అప్పుడే మలుపు అవుతల భూమి అదిరింది. పొగ లేసింది. జీపు పోయిన దిక్కే.

ఆ మనిషి ఆయిల్ పోసి మూత బిగించిండు.

“ఎడమకు బండ్ల బాట ఉన్నది. కోనరావుపేట మీదికెళ్లి పోండ్రి. నేను కనవడ్డనని ఎవలకు చెప్పకుండ్రి.”

తార బతికింది.

దవఖానకు ఇన్‌స్పెక్టర్ వచ్చిండు. “జీపు పేలిన కాడ ఏం చూసిండ్రు?”

కరుణాకర్ రావు నోరిప్పలే. చెప్పకపోతే రేపు మొగన్ని గుంజుకపోతరని సులోచన భయం. మలుపు, బాయి, మడ్డి చేతులు, అన్నీ చెప్పింది.

“ఆయిల్ తక్కువై ఆగినం గాబట్టి బతికినం సార్. లేకుంటే జీపు ఎన్కనే ఉందుము.”

తెల్లారి తెలిసింది. బాయి కాడి మనిషి ఎదురుకాల్పుల్ల పోయిండట. రోడ్డు మీద ఎవలొస్తున్నరో చూసి అన్నలకు చెప్పుడు ఆయన పని అట.

“నేనప్పుడే అనుకున్న,” అన్నది సులోచన.

అన్నది గని, కండ్లు మూస్తే తువ్వాల కెళ్లి నల్లగ చుక్క చుక్క కారుడే కనవడుతున్నది.

పొద్దుగూకే యాళ్లకు మెకానిక్ జలపతి కారు కింద దూరి చూసిండు. బానెట్ లేపి చూసిండు.

“ఆయిల్ తక్కువున్నదని ఎవలు చెప్పిండ్రు సార్? ఒక్క చుక్క గూడ కారుతలేదు, నిండ ఉన్న ఇంజన్లనే పోసిండ్రు.”