ఉప్పు డబ్బా దాచిన రోజు

"ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావు?"

"దాచాను. ఈరోజు అక్క వస్తోందిగా."

"నా ఇంట్లో చిటికెడు ఉప్పు కోసం నేను దొంగలా వెతుక్కోవాలా? నా పళ్లెంలోకి కూడా తొంగిచూస్తుందా ఆవిడ?"

"చూస్తుంది. పోయిన వారం చూడలేదూ?"

బస్సు నడిపే ఆ పెద్దమనిషి గొణుక్కుంటూ అరలన్నీ గాలించి, చివరికి చప్పటి కూరతోనే పొద్దుటి రొట్టె ముగించాడు. భార్యకు నవ్వు రాలేదు. వారమంతా లాండ్రీలో ఇస్త్రీపెట్టె ముందు నిలబడ్డ కాళ్లు పీకుతున్నాయి. ఉన్న ఒక్క సెలవూ ఈ తనిఖీకే సరిపోతోంది. ఇక రావద్దని చెప్పేయాలని చాన్నాళ్లుగా అనుకుంటోంది. ప్రతిసారీ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోతోంది.

మధ్యాహ్నం ఆవిడ రెండు బస్సులు మారి వచ్చింది. కుట్టుపని చేసుకుని బతికే ఒంటరి మనిషి. సంచి నిండా ఆకుకూరలు, పళ్లు, వేయించని గింజలు. గుమ్మంలోనే వాళ్ల పదహారేళ్ల పిల్లాణ్ని దగ్గరికి తీసుకుని, ఎప్పటిలాగే కాసేపు కదలకుండా నిలబడిపోయింది. వాడు ఈమధ్య బాగా ఎదిగాడు. ఆవిడ తల వాడి ఛాతీ దగ్గరే ఆగిపోయింది.

తలెత్తేసరికి వాడి మూతి కనబడింది.

"ఏంట్రా ఆ పొడి? చిప్సా?"

"నాలుగే పెద్దమ్మా. ఆటయ్యాక అందరూ తింటుంటే... వద్దంటే 'ముసలాడా' అని ఏడిపిస్తున్నారు."

"నాలుగైనా సరే, నాకొక మాట చెప్పాలనిపించలేదూ?"

వంటింట్లో గరిట ఠంగుమంది.

"మీకెందుకు చెప్పాలక్కా? వాణ్ని కన్నది నేను."

"నేను కాదన్నానా?" అంది ఆవిడ మెల్లగా. ఆకుకూర కట్ట విప్పుతున్న వేళ్లు మాత్రం ఆగాయి.

భోజనాలకు కూర్చున్నారు. ఉడికించిన చిక్కుళ్లు, ఉప్పు వేశారో లేదో తెలియని కూర. పిల్లాడు ఇంత ఉక్కలోనూ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, తల వంచుకు తింటున్నాడు. సగంలో చెంచా కింద పెట్టాడు.

"ఇకనుంచి నా తిండి సంగతి నేనే చూసుకుంటా. చిప్స్ ముట్టను. ఎవరేమన్నా పడతా. నాకెవరూ కాపలా ఉండక్కర్లేదు. అమ్మా, నాన్న ఉప్పు నాన్నకిచ్చెయ్."

"నాకూ వద్దులేరా. ఇంత గొడవయ్యాక రుచేం తెలుస్తుంది?" అన్నాడు తండ్రి.

ఆవిడ నవ్వలేదు. పిల్లాడి తల్లి వైపు తిరిగి, "అయితే నేనింక రానక్కర్లేదేమో," అంది.

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట. "అవును" అనేస్తే చాలు. తల్లి నోరు తెరిచింది. ఆవిడ చూపు పళ్లెం మీద లేదు, పిల్లాడి చొక్కా గుండీల మీద ఉంది.

తల్లి మోకాళ్ల మీద చేతులూని నెమ్మదిగా లేచింది. ఆవిడ కుర్చీని కొడుకు పక్కకి లాగింది.

"తిండి వాడు చూసుకుంటాడక్కా. మీరు మాత్రం ప్రతి వారం రండి. ఊరికే వచ్చి వాడి పక్కన కూర్చోండి. అటు కాదు, ఎడమవైపు."

రెండేళ్లుగా వాడి ఛాతీలో కొట్టుకుంటున్నది, ఆవిడ పోగొట్టుకున్న కొడుకు గుండె.