మేకప్ లేని చార్టు

“ముందు ఆ కలర్ మేనేజ్‌మెంట్ ఆపేయండి సార్,” అన్నాడు ఇంజనీరు, బ్యాగు కింద పెట్టకముందే.

స్టూడియో యజమాని నోరు తెరిచాడు. రంగులు సరిగ్గా రావడం లేదనే కదా ఇతన్ని పిలిపించింది! వచ్చీ రాగానే రంగులు సరిదిద్దే దాన్నే ఆపమంటాడేమిటి?

“ఆపేస్తే ఇంకా ఘోరంగా వస్తాయేమోనండీ.”

“రావాలి. ఘోరంగానే రావాలి,” ఇంజనీరు ఆనందంగా అన్నాడు. “మొహానికి పౌడరు కొట్టుకుని డాక్టరు దగ్గరికెళితే జబ్బేం తెలుస్తుంది? ఎవరూ ఏమీ దిద్దకుండా ఈ ప్రింటర్ అసలు మొహం నాకు కనబడాలి. రంగు గళ్ల చార్టు ఒకటి ప్రింట్ చేద్దాం. ఏ గడి ఎంత తప్పుగా వచ్చిందో నా పరికరం కొలుస్తుంది. ఆ తప్పుల చిట్టానే ప్రొఫైల్. తర్వాత సాఫ్ట్‌వేర్ దాన్నిబట్టి సర్దుకుంటుంది.”

యజమానికి సగం అర్థమైంది. మిగతా సగానికి తల ఊపాడు.

ఊపక చస్తాడా? గోడంత ప్రింటర్‌ను పదిహేను రోజుల ట్రయల్‌కి తెచ్చుకున్నాడు. ఓ పేరున్న చిత్రకారుడు తన అరవై పెయింటింగులకు నకళ్లు వేయించాలనుకుంటున్నాడు. శుక్రవారం వచ్చి నమూనా చూస్తానన్నాడు. నచ్చిందా, పనంతా ఇక్కడే. నచ్చలేదా, ప్రింటర్ వెనక్కి, యజమాని మళ్లీ పాస్‌పోర్టు ఫొటోల్లోకి.

చార్టు బయటికొచ్చింది. మూడు వందల గళ్లు. ఒక్కటీ తిన్నగా లేదు. ఎరుపు నీరసంగా ఉంది, పసుపు ఆకుపచ్చకు తిరిగింది, నలుపు బూడిదయింది.

“అద్భుతం!” అన్నాడు ఇంజనీరు. “రేపు పొద్దుటిదాకా ఆరనివ్వండి. తడి మీద కొలిస్తే లెక్క తప్పుతుంది. దుమ్ము పడని చోట పెట్టండి.”

ఆ స్టూడియోలో దుమ్ము పడని చోటు ఒక్కటే. కిటికీ పక్కన అక్కయ్య బల్ల. ఆవిడ యజమానికి స్వయానా అక్క. ముప్పై ఏళ్లుగా ఆ బల్ల దగ్గరే కూర్చుని ఫొటోలకు కుంచెతో మెరుగులు దిద్దుతోంది. ఆవిడ చేతిలో పడ్డాక ఎవరి మొహం మీదా మొటిమ మిగల్లేదు, ఎవరి నెత్తి మీదా బట్టతల నిలవలేదు. ప్రింటర్ దిగిన రోజునే తమ్ముడు, “అక్కా, ఇక నీ కుంచెకి రిటైర్మెంటే,” అని ప్రకటించాడు. “అలాగేలేరా,” అని ఆవిడ కుంచె కడుక్కుంది.

“ఇదేంట్రా, ఇంత పాలిపోయింది?” చార్టు చూసి అడిగింది.

“అదంతే అక్కా. దీన్ని చూసే మన ప్రింటర్ సంగతి తేలుస్తారట.”

అక్కయ్య చార్టు వంక జాలిగా చూసింది. తమ్ముడు కౌంటరు దగ్గరికి పరిగెత్తాడు.

మర్నాడు ఇంజనీరు చార్టు మొహం కూడా చూడలేదు. పరికరం ఉండగా కళ్లను శ్రమ పెట్టడం దేనికి? దాన్ని గళ్ల మీద వరసగా లాగుతూ లాప్‌టాప్‌లోకే చూశాడు.

“మీ మెషిన్ రంగు దంచి కొడుతోందండీ! ఇంత నిండుగా కొట్టే మెషిన్‌ని నా సర్వీసులో చూళ్లేదు. కాస్త తగ్గించాలి.”

సాఫ్ట్‌వేర్ బుద్ధిగా తగ్గించింది. నమూనాగా చిత్రకారుడు తనే గీసుకున్న తన బొమ్మ వేశారు. పచ్చకామెర్లొచ్చి నెల్లాళ్లు మంచం పట్టిన మనిషి బయటికొచ్చాడు.

“మీరు మధ్యలో కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసుంటారు,” అన్నాడు ఇంజనీరు. తప్పు ఎవరిదో కొలవడానికి ఆయనకు పరికరం అక్కర్లేదు.

“ఒట్టండీ, నేను ముట్టుకోలేదు!”

రెండో చార్టు వేశారు. ఈసారి కంప్యూటర్ మీద ‘రంగులు సరిదిద్దరాదు’ అని ఎర్ర అక్షరాలతో కాగితం అంటించారు. చార్టును అక్కయ్య బల్ల మీద ఆరబెట్టారు. మర్నాడు పరికరం ఇంకా మురిసిపోయింది. బొమ్మలో మనిషి ఇంకా క్షీణించాడు.

మూడో చార్టుకి ఇంజనీరు కొత్త పేపరు తెచ్చాడు, కొత్త కేబుల్ వేశాడు. యజమానిని గది బయటే నిలబెట్టాడు. చార్టు మాత్రం మళ్లీ అక్కయ్య బల్ల మీదే ఆరింది. అంకెలు అదిరిపోయాయి. బొమ్మను మాత్రం వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే గానీ మనిషి ఆనవాలు దొరకలేదు.

శుక్రవారం చిత్రకారుడు వచ్చి ఆ నమూనా ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“ఇది నా బొమ్మేనా?”

“మీదేనండీ.”

“నేను బతికే ఉన్నానుగా?”

జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. వెనకే ఇంజనీరు, ‘యంత్రంలో పుట్టుకతోనే లోపం’ అని రిపోర్టు రాసి సంతకం పెట్టి, తన పరికరాన్ని పసిబిడ్డలా సంచిలో పడుకోబెట్టుకుని బయల్దేరాడు.

యజమాని అక్కయ్య బల్ల పక్కన కూలబడి తల పట్టుకున్నాడు. మళ్లీ పాస్‌పోర్టు ఫొటోలు. గడ్డం కొంచెం పైకి, ఇటు చూడండి, నవ్వకండి. ఇక జీవితమంతా అదే పాట.

“పాడు మెషిన్ అక్కా. చార్టు మీద బంగారంలా కొడుతుంది. బొమ్మ దగ్గరికొచ్చేసరికి చచ్చూరుకుంటుంది.”

అక్కయ్య కుంచె నీళ్లలో ముంచి, తమ్ముడి తల నిమిరింది.

“బంగారమా నా మొహమా! అంత వెలవెలబోయిన గళ్లు చూస్తే ఆయన ముందు నీ పరువేం కానని, మూడు చార్టులకీ గడి గడికీ నేనే కూర్చుని రంగు అద్దాను గనక సరిపోయింది గానీ, లేకపోతే ఆ ఇంజనీరు మొదటి రోజే పారిపోయేవాడు!”