కదలని ముల్లు

ముల్లు మళ్ళీ వణికింది.

"నీకేం రోగమే!" అంటూ పళ్ళు నూరాడు తండ్రి, ఎదురుగా మనిషే ఉన్నట్టు.

ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో పాత లేత్ మిషన్. పనిముక్కని పట్టి తిప్పే చక్ పళ్ళ మధ్య చిటికెన వేలంత ఉక్కు కడ్డీ. కడ్డీ వంకర లేకుండా తిరుగుతోందో లేదో చెప్పాల్సింది గడియారంలా ముల్లుండే డయల్ గేజ్. దాని అయస్కాంతపు స్టాండు ఎక్కడ అతికించినా ముల్లు మాత్రం ఒక్కచోట నిలవడం లేదు.

ఆ కడ్డీ కూతురి పెట్టుడు కాలికి, మోకాలి దగ్గర వేసే పిన్ను. పాతది అరిగిపోయింది. పోయిన వారం మోకాలు మడతపడి పిల్ల మెట్ల మీంచి బోర్లాపడింది.

రేపు కాలేజీలో మొదటి రోజు.

"చంకకర్రలతో మాత్రం వెళ్ళను నాన్నా. వెళ్తే నడిచే వెళ్తాను" అని భీష్మించుకుంది.

ఉన్న ఉక్కులో ఒక ముక్క పొద్దునే పాడైంది. ఇదే ఆఖరిది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పిల్ల మళ్ళీ పడుతుంది.

స్టాండు ఊడదీశాడు. మిషన్‌ని గుడ్డతో తుడిచి మళ్ళీ అతికించాడు. చక్‌ని చేత్తో మెల్లగా తిప్పాడు.

ముల్లు కుదురుకుంది. ఊపిరి బిగబట్టాడు.

వీధి మలుపులో కంకర లారీ తిరిగింది. నేల అదిరింది. ముల్లు గంతులేసింది.

తప్పు స్టాండుది కాదని అప్పుడర్థమైంది.

"అయ్యా..."

షెడ్డు గుమ్మంలో ఎవరో కొత్త మనిషి. చొక్కా నిండా నూనె మరకలు, భుజాన తువ్వాలు.

"ఎవరు నువ్వు?"

"లారీ డ్రైవర్నండీ. ఈ దారినే తిరుగుతుంటాను. పాప వారం నుంచి వరండాలో కనబడట్లేదు. బాగానే ఉందా అని..."

లారీ అన్న మాట చెవిన పడగానే తండ్రికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా పాప సంగతి నీకెందుకయ్యా? దాని కాలు తీసింది మీ లారీల్లో ఒకటే! గుద్దినవాడు వెనక్కి తిరిగైనా చూడలేదు. ఇప్పుడీ పిన్ను కూడా చెయ్యనివ్వరా? మీరు ఆ మలుపు తిరిగినప్పుడల్లా ఈ ముల్లు ఎగిరెగిరి పడుతోంది!"

అతను ముల్లు వంక చూశాడు. కడ్డీ వంక చూశాడు.

"ఇంకా ఎంతసేపు పడుతుందండీ?"

"అరగంట. నువ్వు బయటికి నడిస్తే!"

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

తండ్రి మళ్ళీ మొదలుపెట్టాడు.

ముల్లు నిలిచింది. చక్ ఇంకో చుట్టు తిప్పాడు. కదల్లేదు.

వీధిలో హారన్లు, చెవులు చిల్లులు పడేలా. ఎవరో నోటికొచ్చినట్టు తిడుతున్నారు.

"ఏం గోలరా బాబూ!" అని విసుక్కున్నాడు. కానీ నేల మాత్రం అదరలేదు.

మిషన్ ఆన్ చేశాడు. పల్చటి ఉక్కు పొర చుట్టలు చుట్టుకుంటూ రాలింది. ఏ క్షణాన ఏ లారీ వస్తుందోనని ఒక చెవి వీధి వైపే వేసి ఉంచాడు.

ఏదీ రాలేదు.

మిషన్ ఆపి, డయల్ గేజ్‌తో చివరిసారి చూశాడు. ముల్లు ఉన్నచోటే ఉంది.

పిన్ను గుప్పిట పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తాడు.

"తల్లీ, అయిపోయింది!"

కూతురు కిటికీ దగ్గర చంకకర్రల మీద నిలబడి ఉంది. వీధిలో ఆగిపోయిన లారీలు ఒక్కొక్కటే కదులుతున్నాయి.

"ఎవరో ఒకాయన నాన్నా, రోడ్డు మధ్యలో రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. అందరూ తిట్టారు. ఒకడైతే దిగొచ్చి కాలర్ పట్టుకున్నాడు. అయినా కదల్లేదు. మన మిషన్ చప్పుడు ఆగాకే తన లారీ ఎక్కి వెళ్ళిపోయాడు."

తండ్రి గేటు దాకా పరుగెత్తాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు.

సిగ్గుతో తిరిగొచ్చేసరికి కూతురు కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైందమ్మా?"

"మొహం గుర్తులేదు నాన్నా. కానీ లారీ గుద్దిన రోజు నేను రోడ్డు మీద పడి ఉంటే, వెనకొచ్చే బళ్ళు నా మీదికి ఎక్కకుండా ఆపినాయన కూడా అచ్చం ఇలాగే నిలబడ్డాడు."