తెర మీది ఉరి

“ఉరి పడ్తదా, పడదా? ముందుగాల గది చెప్పు,” అన్నాడు ఈదయ్య.

“పడకపోతే జనం ఊరుకుంటారా? నా కుర్చీలు విరగ్గొడతారు!” అన్నాడు కోదాడ నాటక కంపెనీ మేనేజరు మత్తయ్య. “నీ భార్య కేసే ఆడుతున్నాం. నీకు టిక్కెట్టు అక్కర్లేదులే, పోయి కూర్చో.”

ఈదయ్య అందరి వెనక నేలమీద చతికిలబడ్డాడు. నాట్లకు పోయిన సోమమ్మను పొలంగట్టు మీదే కొట్టి చంపాడు పటేలు. పోలీసు యాక్షను తరువాతనైనా న్యాయం దొరుకుతుందనుకుంటే, సాక్ష్యం దగ్గర ఊరంతా నోరు కుట్టుకుంది. కోర్టు పటేలును విడిచిపెట్టింది. ఉరి అనే మాట ఉత్తుత్తి జడ్జి నోటనైనా ఒక్కసారి వినాలని మిర్యాలగూడ అవతలి నుంచి సూర్యాపేట దాకా నడిచివచ్చాడు.

తెర లేచింది. మీసం గొరిగిన మగవాడొకడు సోమమ్మై వచ్చాడు, పట్టుచీర కట్టుకొని.

“నాటు వెయ్యనీకి పట్టుచీరనా? థూ!”

“సప్పుడు సెయ్యకు పెద్దయ్యా,” అని పక్కనున్న సరోజన కసిరింది. “ఏడ్సేటప్పుడు మజా పోతది.”

చచ్చిన సోమమ్మ, జనం ‘వన్స్‌మోర్’ అనగానే లేచి, పద్యం పాడి మళ్లీ చచ్చింది. వకీలు రాగం తీశాడు. జడ్జి టోపీ చెవి మీదికి జారింది. ఈదయ్య మళ్లీ ఉమ్మాడు.

అప్పుడు మొగుడి వేషం బోనెక్కింది. “గంజి చల్లారిపోయిందే సోమీ, ఇంటికి రావే!” అని కొయ్యకు తల బాదుకుంది. సరోజన గొల్లుమంది. ఈదయ్య ఉమ్మి గొంతులోనే ఆగింది.

“ఎవరు బిడ్డా గాయిన?”

“ఎవరో ఆసామి. తెరలు, గ్యాసుబత్తీలు ఆయనయేనంట. గందుకే మంచి వేషం ఎప్పుడూ ఆయనదే.”

జడ్జి ఉరి అన్నాడు. హంతకుడి వేషం కట్టిన గోప్యా అనే నటుడి మీద చెప్పులు పడ్డాయి. సోమమ్మ పోయాక మొదటిసారి ఈదయ్య కళ్లు తడిశాయి.

ఆగలేక తెర వెనక్కి పోయాడు. మొగుడి వేషగాడు తొట్టి మీద వంగి రంగు కడుక్కుంటున్నాడు.

“అయ్యా, నాకు రాని ఏడుపు నువ్వు ఏడ్సినవ్. లోకంల నువ్వొక్కడివే మనిషివి,” అంటూ ఈదయ్య అతని కాళ్లు పట్టుకున్నాడు.

వేషగాడు మొహం తుడుచుకొని కిందికి చూశాడు. ఈదయ్య తలెత్తాడు.

సోమమ్మను చంపిన పటేలే.