రెండో తాళంచెవి

“మంచం పట్టినోలు ఎవులైనా ఉన్నారేటమ్మా ఇంట్లోన?”

ఇంటావిడ తాయారు ఆ మాట అడిగేసరికి యమున వెనక్కి తిరిగి చూసింది. అప్పటిదాకా వంటగది, కుళాయి, కరెంటు మీటరు చూపిస్తూ ఎంతో ఆప్యాయంగా మాట్లాడిన మనిషే. బ్రోకరు త్రినాథ్ వెనకనుంచి ‘లేరని చెప్పు’ అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. యమునకి అబద్ధం నోట రాలేదు.

“మా ఆయనకి క్యాన్సరండి.”

తాయారు ముఖంలో నవ్వు చప్పున ఆరిపోయింది. “ఏటనుకోకు తల్లీ. రేపేదైనా అయితే, ఆ గడియ మంచిది కాపోతే ఇల్లంతా నెలల తరబడి మూసుకోవాల. పైన మేం ఉండొద్దేటి?” అంటూ గేటుదాకా వచ్చి మరీ సాగనంపింది.

వీధిలోకి వచ్చాక త్రినాథ్ విసుక్కున్నాడు. “లేరని సెప్పమన్నాను గదా సెల్లీ! నిజం సెప్తే ఈ శ్రీకాకుళంలో ఎవులూ ఇల్లివ్వరు.”

“మీకేం అన్నా, ఎన్నైనా సెప్తారు. మీకు తగిల్తే తెలుస్తాది.”

అతను బండి స్టార్ట్ చేశాడు.

‘ఇంక ఇంటికి తీసుకెళ్ళిపోండి’ అని విశాఖలో డాక్టర్లు చెప్పినప్పటినుంచి యమున తిరుగుతూనే ఉంది. ఏ ఇంటికి తీసుకెళ్ళాలో వాళ్ళు చెప్పలేదు. ఇప్పుడున్న ఇంటి ఓనరు నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. ఊళ్ళో సగం ఇళ్ళకి వైరింగు చేసిన తన భర్త గోపీకి, ప్రాణం పోయేలోగా పడుకోవడానికి ఒక్క గది దొరకడం లేదు. తలుచుకుంటే ఆమెకి కడుపు మండిపోయేది.

అరసవల్లి వైపు ఒక సందు చివర, ఖాళీ స్థలాలకి అవతల విడిగా ఒక ఇల్లుంది. మెట్లు లేవు, మీద వాటా లేదు, పక్కన అడిగేవాళ్ళు లేరు. గేటుకి టులెట్ బోర్డు. సరిగ్గా తనకోసమే కట్టినట్టుంది. కానీ ఆ మాటెత్తితే చాలు, త్రినాథ్ ఏదో ఒక వంక పెట్టేవాడు.

“అది వద్దు సెల్లీ, గోడలు సెమ్మ.”

“పర్లేదన్నా.”

“పాములు తిరుగుతాయి.”

“మొన్న ఉప్పునీల్లన్నారు?”

“అవీ ఉన్నాయి. అయినా తాళం ఓనరు కాడే ఉండిపోనాది.”

మధ్యాహ్నమైతే చాలు, ఎంత పనిలో ఉన్నా అతను మాయమైపోయేవాడు. బండి హ్యాండిల్‌కి ఎప్పుడూ ఒక నల్ల కవరు వేలాడేది. నల్ల కవర్లో ఏం తెస్తారో యమునకి తెలియనిదా!

“పట్టపగలే తాగుతున్నాడు,” అంది గోపీతో.

“తాగనీయే. నాకెలాగూ యోగం నేదు,” అని గోపి నవ్వబోయి, నొప్పికి కళ్ళు మూసుకున్నాడు. ఆ నవ్వు చూడలేక ఆమె వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

మర్నాడు ఒంటరిగా ఆ సందుకి వెళ్ళింది. ఏడాదిగా ఎవరూ లేని ఇల్లంటాడు త్రినాథ్, గుమ్మం ముందు శుభ్రంగా ఊడ్చి ఉంది. పాములు తిరిగే ఇంటిని ఇంత ముచ్చటగా ఊడ్చేవాళ్ళెవరో! బోర్డు మీద త్రినాథ్ నంబరు కింద పాత నంబరొకటి మాసిపోయి కనిపించింది. దానికి ఫోన్ చేసింది. విశాఖలో ఉన్న ఓనరు జగన్నాధం ఎత్తాడు.

“తాళం నా కాడేటమ్మా? త్రినాథ్‌కే ఇచ్చీసినాను. ఎవులూ రావట్లేదంటన్నాడే!”

యమునకి ఒళ్ళు మండింది. “నేనే నాలుగుసార్లు అడిగినానండి. అతగాడు పట్టపగలు తాగుతాడు. నమ్మీకండి.”

“అలాగా! నా కాడ రెండో తాళంచెవి ఉన్నాది. రేప్పొద్దున్న నానే వస్తాను. మీ ఇంట్లోన రోగిష్టోలు ఎవులూ నేరు గదా?”

“లేరండి,” అంది యమున. ఈసారి అబద్ధం తేలిగ్గానే వచ్చేసింది.

పొద్దున్నే ఆమె సందు మలుపు తిరుగుతుండగా త్రినాథ్ ఫోన్ చేశాడు.

“సెల్లీ, బేగి రా! నది గట్టు వేపు ఇల్లొకటి దొరికినాది. జబ్బు సంగతి ఉన్నదున్నట్టు సెప్పీసినాను. అయినా ఇస్తానన్నారు.”

“ఇంకొకలు కూడా అడుగుతున్నారేటి?” వెటకారంగా అంది. బ్రోకర్లందరూ పాడే పాటేగా అది.

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. “ఉన్నారు. ఆల కోసమే మాటాడినాను. ఆలకంటే నీకే తొందర. ఆలు ఆగుతారులే.”

యమున ఫోన్ పెట్టేసింది. మళ్ళీ మోగితే కట్ చేసింది.

జగన్నాధం కారు దిగి గేటు తీశాడు. “ఏడాది బట్టి మూసున్న తాళం. తుప్పట్టి ఉంటాది,” అంటూ తలుపు తాళంలో చెవి తిప్పాడు. నూనె రాసినట్టు తాళం ఇట్టే ఊడొచ్చింది. ఆయన నొసలు చిట్లించాడు.

ఆయనకంటే ముందు యమునే లోపలికి అడుగు పెట్టింది. ఎడమవైపు గదిలో గోపి మంచం వెయ్యాలని బయటినుంచే అనుకుంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చీకట్లో డెట్టాల్ వాసన గుప్పుమంది. తన ఇంట్లో రోజూ వచ్చే వాసనే. గోడ మేకుకి నల్ల కవరు వేలాడుతోంది. మూల మంచం మీద దుప్పటి కింద ఒక ముసలావిడ కదిలింది.

“త్రినాథూ, మనకిల్లు దొరికినాదేటి నాయనా?”