ఆఖరి క్లిప్పు

కారు ఈసారి కూడా వాకిలి దాటలేదు. స్టార్ట్ అయింది, గుర్రుమంది, వెనక నుంచి నల్లటి పొగ కక్కి టక్కున ఆగిపోయింది. కొండల్ స్టీరింగ్ మీద ఒక్క గుద్దు గుద్ది కిందికి దిగాడు.

“ఇగ పోకు,” అంది గడపలో నిలబడ్డ అతని భార్య సరిత. “నువ్వు కన్ను మూసి రెండు దినాలైంది. నిన్న ఆరాంఘర్ కాడ కునుకు తీసి డివైడర్‌కు తాకించినవ్. బంపర్‌తోని పోయింది కాబట్టి సరిపోయింది. ఇయ్యాల గూడ గిట్లనే పోతే...”

“శుభమా అని పోతుంటే గవేం మాటలు?” కొండల్ విసుక్కున్నాడు. “సమ్మెల బస్సులు బంద్ ఉన్నన్ని దినాలే మనకు గిరాకి. అది అయిపోయినంక తీరిగ్గ పండుకుంట. ఎయిర్‌పోర్ట్ కాడ పార్టీ దిగుతున్నది, ఆళ్లను కర్నూల్ దాక ఇడిచి రావాలె. పోకుంటే ట్రావెల్స్ సేటు మల్ల పిలుస్తడా?”

కొండల్ ఒకసారి పట్టుబట్టాడంటే అతన్ని తిప్పడం ఎవరి తరమూ కాదు. చిక్కల్లా ఒక్కటే. కారును రోజూ కడిగి, అద్దాలు తుడిచి, ముందు నిమ్మకాయ వేలాడదీసి పెళ్లికొడుకులా ముస్తాబు చేస్తాడే గానీ, బానెట్ కింద ఏముందో అతనికి బొత్తిగా తెలియదు. ఆ సంగతంతా గగన్‌పహాడ్ మెకానిక్ షౌకత్ చూసుకుంటాడు. కొండల్ బానెట్ ఎత్తి, షౌకత్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి సరిత చేతికిచ్చాడు.

“నా నోటి కాడ పట్టుకో.”

సరిత పట్టుకుంది.

“నల్ల పొగ వస్తుందంటే బండికి గాలి అందుతలేదన్నా,” అన్నాడు షౌకత్ అంతా విని. “ఎయిర్ ఫిల్టర్ చూడు. పోయిన వారమే మీ వాకిట్ల సాఫ్ చేస్తి గద, గంత జల్ది ఎట్ల జామైంది?”

“ఏమో, నేను టీవీ ముందట కూసున్న, సరితనే నీ కాడ నిలబడ్డది. జర నువ్వే వచ్చి చూడరాదు?”

“ఒకరి ఇంజన్ విప్పి కూసున్న, కదలరాదు. గదేం పెద్ద పని కాదు. డబ్బా మూత తీసి ఫిల్టర్ బయటికి తియ్యి. నేలకు మెల్లగ కొట్టి దుమ్ము దులిపి మల్ల పెట్టు. నీళ్లల్ల మాత్రం కడుగకు, అది కాగితం.”

“డబ్బా ఏడుంది?”

“నల్లగ ఉంటది చూడు.”

బానెట్ కింద అన్నీ నల్లగానే ఉన్నాయి. “దొరికింది,” అంటూ కొండల్ చేతికి అందిన మొదటి మూతను తిప్పబోయాడు.

“గుండ్రంగ ఉందా?” అనుమానంగా అడిగాడు షౌకత్.

“ఉంది.”

“ముట్టకన్నా, అది రేడియేటర్. మొహం కాలుతది.”

“ఇగో, పక్కన తెల్లది ఒకటుంది.”

“నల్లదంటే తెల్లది చెప్తవేంది? అది అద్దాలు కడిగే నీళ్ల డబ్బా. ఇంజన్ల నుంచి దొడ్డు పైపు ఒకటి పోతుంటది. దాన్ని పట్టుకొని పో, డబ్బా దొరుకుతది.”

కొండల్ నిద్రకళ్లు నులుముకుని పైపును తడుముకుంటూ వెళ్లాడు. నిజంగానే చివర డబ్బా ఉంది. మూలకొకటి చొప్పున ఇనుప క్లిప్పులున్నాయి. ఆ మాటే చెప్పాడు.

“క్లిప్పులు తీసుడే ఇగ,” అని షౌకత్ ఫోన్ పెట్టేశాడు.

“చూసినవా? మనసు పెడితే ఏదైనా అయితది,” అన్నాడు కొండల్ గర్వంగా.

మూడు క్లిప్పులు మాట విన్నాయి. ఆఖరిది చెయ్యి సరిగా పట్టని సందులో ఉంది. వేలితో లాగాడు, రాలేదు. స్క్రూడ్రైవర్ తెచ్చాడు. అది చేతిలోంచి జారి కింద పడింది. తీసుకుందామని వంగి, అట్లాగే ముందుకు తూలి బంపర్ పట్టుకున్నాడు.

“ఒక్క గంట పండుకో,” అంది సరిత. “నీ కాళ్లు మొక్కుత.”

“ఇది తీసినంకనే ఏదైనా. ఇయ్యాల అదో నేనో తేలాలె.”

ఫోన్ మోగింది. ట్రావెల్స్ సేటు. “బయల్దేరిన సార్, తొవ్వల ఉన్న,” అని కొండల్ నదురూ బెదురూ లేకుండా అబద్ధమాడాడు. అంతలో ఇంటి మీదుగా ఒక విమానం దిగుతూ పోయింది. తన పార్టీ అందులోంచే చేతులూపుతున్నట్టు కంగారుపడి, స్క్రూడ్రైవర్‌ను క్లిప్పు కింద దూర్చి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాడు.

అది జారి ఎడమచేతి బొటనవేలిని చీరేసింది. రక్తం డబ్బా మూత మీద కారింది. కొండల్ వేలు చూసుకోనైనా చూసుకోలేదు. నెత్తురు కారుతున్న ఆ చేతిని అక్కడే ఆనించి, మళ్లీ స్క్రూడ్రైవర్ దూర్చాడు.

సరిత ప్రాణం విలవిల్లాడింది. గబగబా వచ్చి అతని చెయ్యి లాక్కుని, కొంగుతో వేలిని గట్టిగా చుట్టి పట్టుకుంది.

“అది గుంజితే రాదు, కింద నుంచి వేలు పెట్టి ఎత్తాలె,” అంది కళ్లనీళ్లు కుక్కుకుంటూ. “పొద్దుగాల నేను గట్లనే తీసి, ఫిల్టర్‌కు పాలిథిన్ కవర్ తొడిగిన.”